ఆవర్జా పోతే చిట్టా కాపాడుతుంది
(డేటాబేస్ రికవరీపై చిన్న పాఠం)



కంప్యూటర్స్ చదివే ప్రతి ఒక్కరికీ డేటాబేస్ అంటే టేబుళ్లు, క్వెరీలు అని తెలుసు. కానీ ఆ టేబుళ్లున్న ఫైలే డిస్కులోంచి మాయమైతే ఏం చేయాలి? సిలబస్‌లో 'రికవరీ' అనే యూనిట్ చివర్లో ఉంటుంది కనుక చాలామంది ఛాయిస్‌లో వదిలేస్తారు. ఉద్యోగంలో చేరాక నిద్ర పట్టనివ్వనిది మాత్రం అదే.

ఇది మనకెందుకంటారా? మన స్కాలర్‌షిప్ దరఖాస్తు, కుల ధ్రువీకరణ, పరీక్ష మార్కులు అన్నీ ఈనాడు ఎక్కడో ఒక డేటాబేస్‌లో వరుసలే. మన వరుస పోతే ఫీజు ఆగుతుంది. డబ్బున్న ఇంటివాళ్లు ముందు కట్టేసి తర్వాత తేల్చుకుంటారు. కూలికి వెళ్లే అమ్మానాన్నలకు ఆ వీలు లేదు. అందుకే ఈ పాఠం మనం బాగా నేర్చుకోవాలి.

చిట్టా – ఆవర్జా

రాజమండ్రిలోనో తణుకులోనో పాతకాలపు దుకాణం లెక్కలు గుర్తు చేసుకోండి. రెండు పుస్తకాలుంటాయి. జరిగింది జరిగినట్టు తేదీ వారీగా రాసేది చిట్టా. అందులోంచి ఎవరి ఖాతా వారికి విడదీసి ఎక్కించేది ఆవర్జా.

ఓరకిల్ డేటాబేస్ కూడా అంతే. డేటా ఫైలు ఆవర్జా. రీడో లాగ్ చిట్టా. మనం 'కమిట్' అనగానే ఆ మార్పు ముందు రీడో లాగ్‌లో పడుతుంది. డేటా ఫైలులోకి తర్వాత తీరికగా చేరుతుంది. ఏ ఫైళ్లు ఎక్కడున్నాయో, ఏ ఫైలు ఎంతవరకు వచ్చిందో చెప్పేది కంట్రోల్ ఫైలు.

ఇప్పుడు ఆవర్జాను చెద తినేసిందనుకోండి. ఆదివారం రాత్రి తీసిన నకలు ఒకటి బీరువాలో ఉంది. గుమాస్తా ఏం చేస్తాడు? ఆ నకలు బయటికి తీసి, సోమవారం నుంచి చిట్టా చూస్తూ పద్దులన్నీ వరుసగా ఎక్కిస్తాడు. రాసి, చివరికి జరగని బేరాలను కొట్టేస్తాడు. ఆవర్జా మళ్లీ తయారు. రికవరీ అంటే ఇంతే. నకలు తెచ్చి పెట్టడం 'రిస్టోర్', చిట్టా ఎక్కించడం 'రికవర్'. ఈ రెండు మాటలకు తేడా ఇంటర్వ్యూల్లో అడుగుతారు.

ఈ పద్ధతికి శాస్త్రీయమైన రూపం ఇచ్చినవారిలో జిమ్ గ్రే ముఖ్యుడు. లావాదేవీలపై చేసిన కృషికి 1998లో ట్యూరింగ్ అవార్డు పొందారు. ఐఐటీ మద్రాసులో చదివిన సి. మోహన్, ఐబీఎంలో తన సహచరులతో కలిసి 1992లో ప్రచురించిన 'ఏరీస్' పద్ధతి ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో ఉంది. అందులో మూడు దశలు: పరిశీలన, తిరిగి చేయడం, సగంలో ఆగినవాటిని రద్దు చేయడం. మన గుమాస్తా చేసిందీ అదే!

ముఖ్యమైన ఫైలే పోతే

బుధవారం ఉదయం డేటాబేస్ తెరుచుకోలేదు. ఓఆర్ఏ-01157, ఓఆర్ఏ-01110 అని రెండు ఎర్రర్లు వచ్చాయి. మొదటిది 'ఫైలు దొరకలేదు' అంటుంది. రెండోది ఏ ఫైలో పేరు చెబుతుంది. సాధారణ ఫైలైతే దాన్నొక్కదాన్నే ఆఫ్‌లైన్ చేసి, మిగతా డేటాబేస్‌ను నడుపుతూనే బాగుచేయవచ్చు. పోయింది సిస్టమ్ ఫైలైతే ఆ వీలు లేదు. డేటాబేస్‌లో ఏ టేబుల్ ఎక్కడుందో రాసుకున్న నిఘంటువు అందులోనే ఉంటుంది. అప్పుడు వరుస ఇది:

1. ఏదీ చెరపవద్దు. ఎర్రర్ పూర్తిగా చదివి ఫైలు నంబరు రాసుకోండి.
2. డేటాబేస్ ఆపి 'స్టార్టప్ మౌంట్' చేయండి. కంట్రోల్ ఫైలు మాత్రమే చదివి ఆగుతుంది.
3. ఆర్‌మ్యాన్‌లో 'రిస్టోర్ డేటాఫైల్ 1'. పోయిన ఫైలు ఒక్కటే బ్యాకప్ నుంచి తేవాలి.
4. 'రికవర్ డేటాఫైల్ 1'. ఆదివారం తర్వాతి లాగ్‌లన్నీ వరుసగా ఎక్కుతాయి.
5. 'ఆల్టర్ డేటాబేస్ ఓపెన్'.

చివరి కమిట్ వరకు అంతా తిరిగి వస్తుంది. ఒక హెచ్చరిక: కంగారులో పాత కంట్రోల్ ఫైలు, పాత రీడో లాగ్‌లు కూడా తెచ్చి ఇప్పటివాటి మీద వేయకూడదు. వేస్తే తాజా చిట్టాను మన చేతులతో మనమే చింపుకున్నట్టు.

చిట్టా చెరిగిపోతే?

రీడో లాగ్‌లు కొన్నే ఉంటాయి. చివరిది నిండగానే మళ్లీ మొదటిదాని మీద రాస్తుంది. పలక మీద చెరిపి రాసినట్టు. చెరిపేముందు నకలు దాచే పద్ధతి పేరు 'ఆర్కైవ్‌లాగ్ మోడ్'. అది లేకుంటే, లాగ్‌లు చెరిగిపోయాక ఆదివారం నకలే గతి. సోమ, మంగళవారాల్లో దరఖాస్తు చేసిన విద్యార్థులు అసలు దరఖాస్తే చేయనట్టు లెక్క.

అసలు బ్యాకప్పే లేకున్నా, ఆ ఫైలు పుట్టిన రోజు నుంచి లాగ్‌లన్నీ ఉంటే 'క్రియేట్ డేటాఫైల్' చేసి మొత్తం ఎక్కించవచ్చు. సిస్టమ్ ఫైలుకు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.

నకలు ఎక్కడ ఉండాలి?

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఊడ్చేసింది. అసలూ నకలూ ఒకే గదిలో ఉంటే నీళ్లు రెండింటినీ కలిపే తీసుకుపోతాయి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. కాగితమైనా కంప్యూటరైనా తర్వాతి ప్రశ్న ఒక్కటే: రెండో నకలు ఎక్కడుంది?

నకలు ఉంటే చాలదు, పనిచేయాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో పొరపాటున డేటాబేస్ ఫోల్డర్‌ను చెరిపేశారు. వారికి బ్యాకప్ మార్గాలు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్ చాలాకాలంగా విఫలమవుతోందని అప్పుడు తెలిసింది. అదృష్టవశాత్తు సుమారు ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు దొరికింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదని అందరికీ తెలిసొచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ల్యాబ్‌లో కంప్యూటర్ దొరికితే ఒక ఉత్తుత్తి డేటాబేస్ చేసి, బ్యాకప్ తీసి, ఫైలు చెరిపి, మళ్లీ తెచ్చి చూడండి. పది పేజీలు బట్టీ పట్టినదానికన్నా ఒకసారి చేసింది మనసులో నిలుస్తుంది. అలాగే ట్రంకుపెట్టెలో ఉన్న టెన్త్ మార్కుల లిస్టు, కుల ధ్రువీకరణ పత్రం స్కాన్ చేయించి, ఒక కాపీ డిజిలాకర్‌లో, ఇంకొకటి ఇంటి దగ్గర ఉంచండి. ఆరు నెలలకోసారి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. మన తరానికి ఉన్న ఆస్తి ఆ కాగితాలే. రేపు ఏదో ఒక ఆఫీసులో వేలమంది పిల్లల వరుసలు మీ చేతికి రావచ్చు. అప్పుడు చిట్టా పదిలంగా ఉంచండి.