కొత్త ఉద్యోగి, జీతం పెంపు మాట

చెన్నైలో చిన్న మెస్సో, బట్టల దుకాణమో నడిపే తెలుగు యజమానులు కొత్తవారిని చేర్చుకొనేటప్పుడు జీతం పెంపు ప్రస్తావన వస్తే ‘ముందు పని చూద్దాం’ అంటారు. యజమాని దానిని వాయిదాగా తలుస్తారు. ఉద్యోగి హామీగా వింటారు. ఆరు నెలలకు తగవు అక్కడే మొదలవుతుంది.

పెంపు రెండు విధాలు. తమిళనాడులో దుకాణాలకు, హోటళ్లకు ప్రభుత్వం నిర్ణయించే కనీస వేతనంలో మూలవేతనంతోపాటు కరువు భత్యం ఉంటుంది. చెన్నై వినియోగదారుల ధరల సూచీ పెరిగిన మేరకు ఆ భత్యం ఏటా ఏప్రిల్ 1న పెరుగుతుంది. కనీస వేతనం మాత్రమే పొందే ఉద్యోగికి, మార్చిలో చేరినవారైనా సరే, దీనిని చెల్లించవలసిందే. దీనిని తమ ఔదార్యంగా చెప్పుకొనే యజమానులు లేకపోలేదు! పనితనాన్ని బట్టి ఇచ్చే పెంపు వేరు. అది దుకాణం రాబడికి లోబడి యజమాని తీసుకొనే నిర్ణయం.

ఈ రెండవ పెంపును ఎన్నాళ్లకు, ఏ పని చూసి పరిశీలిస్తారో చేర్చుకొన్న రోజే కాగితంపై రాసి ఇవ్వాలి. ఉద్యోగి తమిళులైతే తమిళంలోనే. పెంచలేని ఏడాది ఆ సంగతి గడువుకు ముందే తెలపాలి. జీతాల రోజున చెబితే ఎంతటి నిజమైనా సాకుగానే వినిపిస్తుంది.