మెడనొప్పికి మర్దన: ఎంతసేపు, ఎన్నిసార్లు?

కార్ నికోబార్ దీవిలో ఒళ్లు నొప్పులకు కొబ్బరినూనెతో మర్దన చేయడం నికోబారీ సంప్రదాయ వైద్యులకు తరాలుగా వస్తున్న విద్య. 1983లో పోర్ట్‌బ్లెయిర్‌లో (నేటి శ్రీ విజయపురం) ఏర్పడిన ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం దీవుల తెగల వైద్యాన్ని, అందులో వాడే మొక్కలను నమోదు చేస్తూ వస్తోంది. అయితే ఒక పద్ధతిని నమోదు చేయడం వేరు, అది పనిచేస్తుందో లేదో పరీక్షించడం వేరు. మర్దన విషయంలో ఆ పరీక్షలు చాలావరకు ఇతర దేశాల్లో జరిగాయి.

మూడు నెలలు దాటినా తగ్గని మెడనొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. మన తల బరువు దాదాపు 5 కిలోలు. గంటల తరబడి తల వంచి పనిచేస్తే ఆ భారమంతా మెడ వెనుక కండరాల మీద పడి, అవి బిగుసుకుంటాయి. మర్దన చేసినప్పుడు చర్మం, కండరాల నుంచి వెళ్లే స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలను కొంత అణచివేస్తాయని ఒక వివరణ. మర్దనతో లాక్టిక్ ఆమ్లం బయటికి పోతుందన్న ప్రచారంలో మాత్రం పస లేదు. శ్రమ ఆగిన గంట, రెండు గంటల్లో శరీరమే దాన్ని వాడేసుకుంటుంది.

అమెరికాలోని సియాటెల్ పరిశోధకులు 228 మంది దీర్ఘకాలిక మెడనొప్పి బాధితులపై నాలుగు వారాలు మర్దన చేయించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. అరగంట మర్దన వారానికి మూడుసార్లు చేసినా, చికిత్స కోసం వేచి ఉన్నవారితో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గంటసేపు, వారానికి రెండు మూడుసార్లు చేయించుకున్నవారిలో మాత్రం నొప్పి తగ్గింది, మెడ కదలికతో చేసుకునే పనులు సులువయ్యాయి. అంటే మందుకు ఉన్నట్టే మర్దనకూ మోతాదు ఉంది. ఆదివారం పూట పది నిమిషాలు మెడ పిసికించుకుంటే హాయిగా ఉంటుంది, అంతే.

ఈ అధ్యయనంలో ఒక చిక్కుంది. తనకు మర్దన జరుగుతోందో లేదో రోగికి తెలుస్తుంది కాబట్టి, నమ్మకం వల్ల కలిగే ఉపశమనాన్ని వేరు చేయడం కష్టం. 33 అధ్యయనాలను పరిశీలించిన 2024 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం, ఉత్తుత్తి చికిత్సతో పోల్చినప్పుడు మర్దన వల్ల అదనంగా కలిగే మేలు స్వల్పం, లేదా లేనట్టే. మోతాదు ఎక్కువైనప్పుడే కొంత ఆశ కనిపించింది. కాబట్టి మర్దనను వ్యాయామానికి తోడుగా తీసుకోవడం మంచిది. వ్యాయామం మానేసి దానిమీదే ఆధారపడకూడదు.

మోతాదు ముఖ్యమైతే దూరం కూడా ముఖ్యమే. కార్ నికోబార్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సముద్రం మీద సుమారు 270 కిలోమీటర్లు. వారానికి మూడుసార్లు ఓడెక్కి ఎవరూ ఫిజియోథెరపీకి వెళ్లలేరు. ఊళ్లోనే ఉండే మర్దన వైద్యుడి అసలు బలం ఇక్కడ ఉంది. సియాటెల్‌లో మర్దన చేసింది లైసెన్సు ఉన్న నిపుణులు కాబట్టి, ఆ ఫలితాలను దీవుల పద్ధతికి యథాతథంగా అన్వయించలేం.

చేతుల్లో తిమ్మిరి, బలహీనత, నడకలో తడబాటు, జ్వరం ఉన్నా, దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా మర్దన జోలికి పోకుండా ముందు డాక్టరును చూడాలి. ఇక సెలూన్లలో తలను ఒక్కసారిగా తిప్పి మెడ విరవడం మర్దన కానే కాదు. దానివల్ల మెదడుకు వెళ్లే రక్తనాళం చిట్లి పక్షవాతం రావచ్చు.