ఆ పిల్లాడికి తన పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుందని తెలియదు

ప్రశ్న: నేను తెలుగు టీచరును. పదేళ్ల పిల్లల కోసం కందుకూరి వీరేశలింగం పంతులుగారి చిన్నతనం మీద నవల రాస్తున్నాను. ఆయన స్వీయ చరిత్ర చదివాను. ఇందులో ఎంతవరకు కల్పించవచ్చు? మొదటి అధ్యాయం జత చేశాను, చూసి చెప్పండి.
— ఒక ఉపాధ్యాయిని, అమలాపురం

జవాబు: అమ్మా, చరిత్రకెక్కిన సంగతులను మాత్రం కదపకండి. ఆయన 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. ఆరు నెలల పసివాడిగా ఉండగా మశూచి సోకింది. నాలుగేళ్లకే తండ్రి సుబ్బారాయుడుగారు పోయారు. పెదతండ్రి వెంకటరత్నంగారు పెంచారు. వీధిబడిలో చదువు మొదలైంది, పన్నెండో ఏట ఇంగ్లీషు బడిలో చేరారు. ఇవన్నీ పునాదిరాళ్లు.

ఈ సంగతుల నడుమ గడిచిన మామూలు రోజులన్నీ మీవే. బడికి వెళ్లే దారి, దెబ్బలాడిన నేస్తం, పోగొట్టుకున్న గంటం, జ్వరమొచ్చిన రాత్రి, అన్నీ కల్పించుకోవచ్చు. ఆ నేస్తానికి మీరు పెట్టిన పేరే ఉండనివ్వండి. కానీ కథ రక్తి కట్టడం కోసం నిజంగా బతికిన పెదతండ్రిగారిని కర్కోటకుడిగా మార్చకండి. దుష్టపాత్ర కావాలంటే కల్పిత పాత్రనే తెచ్చుకోండి. పుస్తకం చివర ఏది జరిగింది, ఏది మీరు అల్లింది అని ఒక పేజీలో చెప్పండి. పిల్లలు ఆ పేజీని ఇష్టంగా చదువుతారు.

ఇక మీ మొదటి అధ్యాయం. ఎనిమిదేళ్ల అబ్బాయి "ఆడపిల్లలు బడికి ఎందుకు రారు?" అని అడుగుతాడు. అరుగు మీది పెద్దాయన "వీడు లోకాన్నే మారుస్తాడు" అంటాడు. ఆ రెండు మాటలూ తీసేయమని గట్టిగా చెబుతున్నాను. మనకు తెలిసిన వివేకవర్ధని పత్రిక, రాజశేఖర చరిత్రము నవల, ఆయన 1881లో జరిపించిన వితంతు వివాహం, ఇవేవీ ఆ పిల్లాడికి తెలియవు. వాడికి తెలిసింది బడిపంతులు బెత్తం, సాయంత్రం గోదావరి గట్టు, దగ్గొస్తే అమ్మ ముఖంలో కనబడే భయం. వాణ్ణి చిన్నప్పటి నుంచే సంస్కర్తను చేస్తే చదివే పిల్లలు దండం పెట్టి పక్కకు తప్పుకుంటారు. తమలాంటివాడేనని అనిపిస్తే వెంట నడుస్తారు.

అర్ధరాత్రి శ్మశానానికి వెళ్లిన సంగతి కూడా అంతే. దయ్యాలు లేవని చూపడానికి ఆయన వెళ్లేవారన్నది పిల్లలకు నచ్చే ఘట్టమే. కానీ అది ఎదిగి, బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ రచనలు చదివి, నమ్మకాలు మారిన కాలం నాటిది. దాన్ని వెనక్కి జరిపి ఎనిమిదేళ్లవాడికి అంటగట్టకండి. ఆ వయసులో దయ్యమంటే భయపడనివ్వండి. ఆ భయమే మంచి అధ్యాయమవుతుంది.

ప్రశ్న: ఆ కాలపు వాతావరణం తేవడానికి ఏమేం చూసుకోవాలి?
— ఒక రచయిత, హైదరాబాద్

జవాబు: ముందు నదితో మొదలుపెట్టండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో మొదలై 1852లో పూర్తయింది. అంటే రాజమండ్రికి నాలుగు మైళ్ల దూరంలో నదికి అడ్డుకట్ట లేస్తుండగా ఈ పిల్లాడు పుట్టాడు, ఇంచుమించు అది పూర్తయ్యే వేళకే తండ్రి లేనివాడయ్యాడు. ఊరంతా రాళ్లు, కూలీలు, పడవల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఒక ఇంట్లో ఏడుపు. ఇంతకంటే బలమైన ప్రారంభం నాకు తోచలేదు. దీన్ని ఎవరైనా రాయాలని నా కోరిక.

తప్పులు చిన్న వస్తువుల్లోనే దొర్లుతాయి. పొద్దున్నే కాఫీ తాగించకండి, చద్దన్నం పెట్టండి. రాత్రి చదువుకు ఆముదం దీపం వెలిగించండి. చేతిలో దమ్మిడీలు, కాణీలు ఉంచండి. 1858 దాకా దొరతనం ఈస్టిండియా కంపెనీది. అప్పటికి వాడికి పదేళ్లు. అరుగు మీది మాటల్లో కంపెనీ పోయి రాణిగారు వచ్చారన్న కబురు వినబడితే చాలు, దానిపై పాఠం అక్కర్లేదు.

ప్రశ్న: పదమూడో ఏట వీరేశలింగంగారికి పెళ్లయింది. పిల్లల పుస్తకంలో బాల్యవివాహం వద్దని ప్రచురణకర్త అంటున్నారు. వదిలేయనా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వదలొద్దు. అది తీసేస్తే తరవాతి జీవితానికి వేరు తెగినట్టే. కానీ పదమూడేళ్ల పెళ్లికొడుకు చేత తిరుగుబాటు మాటలు పలికించొద్దు, మీరూ ఉపన్యాసం ఇవ్వొద్దు. కొత్త పంచె, మేళం, పిండివంటలు, నిద్ర ముంచుకొచ్చే ముహూర్తం, ఎదురుగా తనకన్నా చిన్నదైన ఒక అమ్మాయి. ఇది వింతే అని చదివే పిల్లలు తామే గ్రహిస్తారు.

ఆ అమ్మాయికి ఒక అధ్యాయం పూర్తిగా ఇవ్వండి. బాపమ్మ, తరవాత లోకం రాజ్యలక్ష్మమ్మగా ఎరిగిన మనిషి. వితంతు వివాహాలు జరిపించినందుకు వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ మానేసినప్పుడు ఆమే స్వయంగా గోదావరి నీళ్లు తెచ్చి వండి పెట్టారు. ఆయన గురించిన పుస్తకాల్లో ఆమె ఒక పేరాగ్రాఫుగా మిగలడం నాకు బాధ. అమ్మను విడిచి తెలియని ఇంటికి వచ్చిన ఆ పసిదానికి ఏమనిపించిందో రాయగలిగేది నవలాకారులే.

ఇంకొక మాట. ఆ వీధిలోనే, అందరితో ఆడుకుంటూ ఉండి ఒకనాటి నుంచి బయటికి రాని ఒక బాల వితంతువును కల్పించవచ్చు. మీ కథలోని పిల్లాడు శపథాలేవీ చేయకూడదు. ఆమె ఎందుకు రావడం లేదని అడగాలి, ఎవరూ సరిగ్గా చెప్పకూడదు.

ప్రశ్న: సంభాషణలు గ్రాంథికంలో రాయాలా?
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: అవసరం లేదు. అప్పటి వాళ్లూ ఇంట్లో గ్రాంథికం మాట్లాడలేదు. వీరేశలింగం పంతులుగారి ప్రహసనాలు తిరగేయండి. వాటిలో ఆనాటి మనుషుల నోటి మాట వినబడుతుంది. "పెదనాన్నగారూ", "ఒరే" అని సహజంగా రాయండి. ప్రతి పేజీకీ ఒకటో రెండో పాత మాటలు పడితే చాలు. వాటికి అర్థం సందర్భంలోనే తెలియాలి, అడుగున వివరణ వద్దు.

ప్రశ్న: బొమ్మలు వేసేవారికి ఏం చెప్పాలి?
— ఒక ప్రచురణకర్త, విజయవాడ

జవాబు: తలపాగా, కోటు ఉన్న వృద్ధుడి ఫోటో ఇచ్చి "ఈయన్నే చిన్నగా గీయండి" అనకండి. పిలక, చెవిపోగులు ఉన్న బక్కపల్చటి పిల్లాడు కావాలి. బడి బొమ్మలో బెంచీలు ఉండకూడదు. నేల మీద కూర్చుని ఇసుకలో వేలితో దిద్దే చిన్నవాళ్లు, తాటాకు మీద గంటంతో రాసే పెద్దవాళ్లు కనబడాలి. గోదావరి గీసేటప్పుడు వెనక రైలు వంతెన ఉందేమో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. రాజమండ్రిలో మొదటి రైలు వంతెన 1900లో తెరిచారు, అప్పటికి ఆయన యాభై దాటారు. పిల్లాడు ఆ నదిని దాటాలంటే పడవే గీయించండి.