ఓటు ఎవరిది, పూచీ ఎవరిది

గుమ్మఘట్ట

పాపా,

రిజర్వ్ బ్యాంకు గ్రేడ్-బి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిందని మీ నాయన చెప్పినప్పటినుంచి ఇంట్లో అందరికీ సంతోషమే. నువ్వు ఫోన్లో అడిగిన మాట మాత్రం నన్ను కుదురుగా ఉండనీయలేదు. మన బ్యాంకుల్ని విదేశాలవాళ్లు కొంటామంటే సర్కారుకు భయమెందుకు, డబ్బు డబ్బే కదా అన్నావు. గ్రామీణ బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని, నాకు తోచింది రాస్తున్నా.

ముందు రూలు నోటికి రావాల. ప్రైవేటు బ్యాంకులో విదేశీ పెట్టుబడి 74 శాతం దాకా పోవచ్చు, 49 దాటితే కేంద్రం ఒప్పుకోవాల. ప్రభుత్వ బ్యాంకుల్లో 20 శాతమే. మనవాళ్లయినా సరే, వాటా 5 శాతానికి చేరాలంటే రిజర్వ్ బ్యాంకు అనుమతి ముందే తీసుకోవాల. ప్రైవేటు బ్యాంకులో ఎంత కొన్నా ఓటు 26 శాతం మించదు. 2025 అక్టోబరులో దుబాయ్ బ్యాంకు ఎమిరేట్స్ ఎన్‌బీడీ, మన ఆర్‌బీఎల్ బ్యాంకులో 60 శాతం దాకా వాటా కోసం సుమారు 26,850 కోట్ల ఒప్పందం ప్రకటించింది కదా, ఆ ఓటు కూడా 26 దగ్గరే ఆగుతుంది.

ఈ జాగ్రత్త ఎందుకో వైశ్యా బ్యాంకు కథలో చూడు. 1930లో బెంగళూరులో పుట్టిన బ్యాంకు అది. 2002లో పెత్తనం నెదర్లాండ్స్ ఐఎన్‌జీకి పోయింది. 2008లో ఐఎన్‌జీనే నిలబెట్టడానికి డచ్చి ప్రభుత్వం 1,000 కోట్ల యూరోలు ఇయ్యాల్సి వచ్చింది. 2015 ఏప్రిల్‌లో ఐఎన్‌జీ వైశ్యా కోటక్‌లో కలిసిపోయింది. ఖాతాదారులకు నష్టమేమీ రాలేదు. అయినా యజమాని కష్టం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటే ముంబైలోని మన అధికారి చేయి అక్కడికి అందదు.

ఇంక మన ఊరి సంగతి. బీటీ ప్రాజెక్టులో నీళ్లు లేని ఏడు శెనక్కాయ చేన్లోనే ఎండుతుంది. పంట 33 శాతం పైన పోతే పంట రుణాన్ని రెండేళ్లకు, సగం పైన పోతే అయిదేళ్ల దాకా తిరగరాసే రూలు మేం పాటించినాం. ఆ కాగితం మీద సంతకం పడితేనే రైతుకు మళ్లీ విత్తనానికి అప్పు పుట్టేది. కానీ అప్పే ఇయ్యని బ్యాంకు తిరగరాసేదేముంది? 20 శాఖలు కూడా లేని విదేశీ బ్యాంకులకు అప్పుల్లో 18 శాతం వ్యవసాయానికి ఇయ్యాలన్న లక్ష్యమే లేదు. మన బ్యాంకును కొన్నవాళ్లకు ఆ లక్ష్యం తప్పదు గానీ, 2016 నుంచి వేరే బ్యాంకుల దగ్గర ప్రాధాన్య రంగ రుణ సర్టిఫికెట్లు కొనుక్కుని లెక్క సరిచేసుకోవచ్చు. దేశీ ప్రైవేటు బ్యాంకులూ ఆ పని చేస్తాయి. నాకది ఎవరు చేసినా నచ్చదు.

అందుకే పాస్‌పోర్టు చూసి తీర్పు చెప్పొద్దు. మన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఇంకో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసిపోయింది, కడపలో ఉన్న హెడ్డాఫీసు అమరావతికి పోయింది. రైతుకు దూరం కావడానికి పరదేశివాడే రానక్కర్లేదు. ఎవరు కొంటామని వచ్చినా నువ్వు అడగాల్సిన ప్రశ్నలు ఇవి: కరువు మండలంలో రుణం తిరగరాయాల వద్దా అని ఏ ఊళ్లో తేలుస్తారు? పల్లె శాఖలు ఎన్నేళ్లు ఉంచుతారని రాసిస్తారు? విదేశాలవాళ్లయితే, అక్కడి ప్రభుత్వం మూలధనం వెనక్కి పిలిస్తే ఇక్కడ ఏమవుతుంది?

ఇంటర్వ్యూలో లక్ష్మీ విలాస్ బ్యాంకు ఎత్తుతారు, తడబడొద్దు. కరూరులో 1926లో పుట్టిన ఆ బ్యాంకు మనవాళ్ల చేతుల్లోనే మునిగింది. ఇండియాబుల్స్ హౌసింగ్‌తో విలీనాన్ని రిజర్వ్ బ్యాంకు 2019 అక్టోబరులో వద్దంది. 2020 నవంబరులో, ఖాతాదారుడు 25,000కి మించి తీసుకోలేని రోజుల్లో, సింగపూర్ డీబీఎస్‌కు చెందిన ఇక్కడి బ్యాంకు 2,500 కోట్లు తెచ్చి ఆదుకుంది. డిపాజిట్లు నిలిచినాయి, వాటాదారుల సొమ్ము పూర్తిగా రద్దయింది. ఆ విలీన పథకం గెజిట్ సంపాదించి పూర్తిగా చదువు. ఎవరికేం మిగిలిందో, ఎవరికేం పోయిందో నోట్‌బుక్కులో రాసుకుని నాకు ఫోన్ చెయ్.

మీ పెద్దనాయన