కోడెకు పని నేర్పడం

వేములవాడ రాజన్నకు మొక్కినవాళ్లు కోడెను తాడుతో పట్టుకొని గుడి చుట్టూ తిరుగుతారు. కోడె వెంట నడుస్తుంది. ఆ నడక దానికి పుట్టుకతో రాలేదు. ఎవరో నేర్పారు. నాగలి, గుంటుక, బండి కూడా నేర్పితేనే వస్తాయి.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లోకి ట్రాక్టర్లు వచ్చాయి. అయినా పత్తి సాళ్ల నడుమ గుంటుక తోలడానికి చాలామందికి ఎడ్లే దిక్కు. ఎద్దు సాలు తప్పితే మొక్కలు విరుగుతాయి. బెదిరితే మనిషికి దెబ్బ తగులుతుంది. బెదురు గొడ్డుకు అంగట్లో మంచి ధర రాదు. పెట్టిన పైసలు పోతాయి.

"రెండు తగిలిస్తే అదే దారికొస్తది" అంటారు కొందరు. వస్తది. కానీ భయంతో వస్తది. కొట్టే మనిషి లేనప్పుడు మళ్లీ మొండికేస్తది.

కోడె కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. పక్కలన్నీ కనిపిస్తాయి. సరిగ్గా తోక వెనక ఉన్నది మాత్రం కనిపించదు. చప్పుడు లేకుండా వెనక నుంచి పోతే తంతుంది. పిలుస్తూ, భుజం వైపు నుంచి పోవాలి.

మొదట మనిషి చెయ్యి అలవాటు చేయాలి. మెడ, వీపు, కాళ్లు నిమరాలి. తర్వాత తాడు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. తాడును మెల్లగా లాగి పట్టుకోవాలి. కోడె ఒక్క అడుగు వేయగానే వదులు చేయాలి. అడుగు వేస్తే లాగుడు ఆగుతుందని దానికి తెలుస్తుంది. అడుగు వేసినా లాగుతూనే ఉంటే అదేం నేర్చుకుంటుంది? నేలమీద నిలబడి గుర్రానికి నడక నేర్పేవాళ్లదీ ఇదే పద్ధతి.

నడవడానికి ఒక మాట, ఆగడానికి ఒక మాట పెట్టుకోవాలి. ఇంటిల్లిపాదీ అవే వాడాలి. ముసలి రైతులు కొడుకులను కోప్పడేది దీనికే. "నిన్న ఓ అంటివి, ఇయ్యాల ఆగు అంటివి. అదేమన్న బడికి పోయిందా?"

తాడు మాట వింటున్నదంటే కాడి కట్టవచ్చు. జోడుగా నెమ్మదైన పాత ఎద్దును పెట్టాలి. సగం పని అదే నేర్పుతుంది. ముందు చిన్న దుంగ లాగించాలి. తర్వాత ఖాళీ చేనులో గుంటుక. చివరికి ఖాళీ బండి. దాపట, అంటే ఎడమ పక్క, నేర్చిన కోడెను కొన్నాళ్లు అక్కడే ఉంచాలి. రోజుకు కొంచెంసేపు చాలు.

ముల్లుగర్ర వాడవద్దు. 1965 నాటి కేంద్ర నియమాల ప్రకారం అది నేరం. బండి లాగే పశువుతో రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట పగలు 12 నుంచి 3 దాకా బండి కట్టరాదు. మన ఎండాకాలంలో ఇది దాదాపు రోజూ వర్తిస్తుంది.

కాడి దించాక మెడ మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా, వాపుగా ఉంటే మరునాడు కాడి కట్టవద్దు. పుండు పడితే పశువుల డాక్టరుకు చూపించి, మానేదాకా ఆగాలి. నొప్పి మెడ మీద కాడి పెడితే, ఆ తర్వాత కాడిని చూడగానే కోడె వెనక్కి జరుగుతుంది.