గాయము, లోపము, అశక్తత

దేహమునకు కలుగు ప్రతి హానిని మన విద్యార్థులు “దెబ్బ” యను నొక్క మాటతోనే చెప్పుచుందురు. ఆటస్థలమున నది చాలును గాని చికిత్సకు చాలదు. చర్మము తెగినయెడల గాయము. చర్మము తెగక లోపల రక్తము వ్యాపించి నల్లబడినయెడల కమిలిన దెబ్బ. కీలునొద్ద ఎముకలను కట్టియుంచు తంతువులు మితిమీరి సాగినను, చినిగినను బెణుకు. ఎముక కీలునుండి తప్పినయెడల కీలు తొలగుట. ఎముకయే పగిలినయెడల విరుగుట. విరిగిన కాలిని బెణికినదని తలచి నూనె రాచి పిసికినచో కీడు హెచ్చును. కావున మాటను సరిగా నెరుగుట అవసరము.

గాయము మానినను ఒక్కొక్కప్పుడు కొరత నిలిచిపోవును. ఇట్టివానిని గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో మూడు మాటలను వేరుపరచెను. అంగమునందు గాని దాని పనియందు గాని యుండు కొరత లోపము. అందువలన నడచుట, చూచుట, వినుట మొదలగు పనులు చేయజాలకుండుట అశక్తత. ఆ కారణమున సంఘములో కలుగు అడ్డంకి ప్రతిబంధకము. దూరదృష్టి మందగించుట లోపము. నల్లబల్లమీది వ్రాత చదువలేకపోవుట అశక్తత. అందుచే పాఠములో వెనుకబడుట ప్రతిబంధకము. కళ్లజోడు పెట్టినచో కంటిలోని లోపము పోదు గాని తక్కిన రెండును తగ్గును. 2001లో ఆ సంస్థయే యీ విభజనను మార్చి, అశక్తత దేహస్థితివలనను చుట్టునున్న పరిస్థితులవలనను కలిసి యేర్పడునని తెలిపెను.

ఈ సంగతి మేము గ్రంథములకంటె ఒక బాలునివలన బాగుగా నేర్చుకొంటిమి. చాల యేండ్ల క్రిందట మేము బోధించు తరగతి మేడమీద నుండెను. పోలియోచే కాలు సన్నబడిన యొక బాలుడు దినదినము ఆలస్యముగా వచ్చుచుండెను. మేము కారణ మడుగక హాజరుపట్టీలో గురుతు పెట్టుచుంటిమి. తోడి పిల్లలు “కుంటివాడు” అని పిలిచినను గట్టిగా వారింపమైతిమి. ఒకనాడు గోడ పట్టుకొని మెట్లెక్కుచున్న వానిని చూచి సిగ్గుపడి, తరగతిని క్రిందిగదికి మార్పించితిమి. మరునాడు వాడు గంటకు ముందే వచ్చి మొదటి వరుసలో కూర్చుండెను. వాని కాలు ముందువలెనే యుండెను. మెట్లు మాత్రము తప్పినవి.

మన దేశమున 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను పేర్కొనుచున్నది. అందు బయటికి కనబడనివియు కలవు. కావున విద్యార్థులారా, లోపమును లోపమనియే చెప్పుడు. మనుష్యుని మాత్రము వాని పేరుతోనే పిలువుడు. తలిదండ్రులును, ఉపాధ్యాయులమైన మేమును, పిల్లవాడు వెనుకబడినప్పుడు వాని దేహమును చూచుటతో నిలువక, వాని యెదుటనున్న మెట్లను గూడ చూతము గాక.