పునరాగమన ఫెలోషిప్పులు - వ్యవసాయ పరిశోధనకు వాటి అనువర్తన

విదేశాలలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్తలను స్వదేశానికి రప్పించే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం 2006-07లో ప్రారంభించిన ఫెలోషిప్‌ ఒక తెలుగు శాస్త్రవేత్త పేరిట నడుస్తున్నది. 1921లో శ్రీకాకుళంలో జన్మించిన వులిమిరి రామలింగస్వామి విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో విద్య ముగించి, ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొంది తిరిగి వచ్చారు. కాంగ్రా లోయలో గలగండ వ్యాధిపై ఆయన బృందం జరిపిన పరిశోధన సుప్రసిద్ధం. లోయను మండలాలుగా విభజించి, కొన్నింటికి అయొడిన్ చేర్చిన ఉప్పును, పోలిక కొరకు మరొకదానికి మామూలు ఉప్పును సరఫరా చేసి, ఏళ్ల తరబడి వ్యాధి తీరును గమనించారు. అటువంటి పని ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చుని చేయదగినది కాదు. సమస్య ఉన్నచోటనే శాస్త్రవేత్త ఉండవలసి వచ్చింది. వ్యవసాయ పరిశోధనకు ఈ మాట మరింతగా వర్తిస్తుంది.

తిరిగి వచ్చినవారికి చోటు చూపాలన్న ఆలోచన పాతదే. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి 1958లోనే శాస్త్రవేత్తల పూల్ పథకాన్ని నెలకొల్పింది. స్థిరమైన ఉద్యోగం దొరికేవరకు తాత్కాలికంగా ఒక సంస్థలో పనిచేసుకునే వీలు కల్పించడం దాని లక్ష్యం. దాని అవసరం ఎంతటిదో హరగోవింద్ ఖొరానా ఉదంతమే చెబుతుంది. లివర్‌పూల్‌లో డాక్టరేటు, జ్యూరిచ్‌లో మరికొంత పరిశోధన ముగించుకొని 1949లో ఆయన స్వదేశానికి వచ్చారు. తగిన ఉద్యోగం లభించక తిరిగి కేంబ్రిడ్జికి వెళ్లిపోయారు. 1968లో నోబెల్ బహుమతి అందుకొన్ననాటికి ఆయన అమెరికాలో ఉన్నారు. ఇక విస్కాన్సిన్‌లో ఉద్యోగావకాశాన్ని కాదనుకొని 1954లో తిరిగివచ్చిన ఎం.ఎస్. స్వామినాథన్‌కు మొదట కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థలో తాత్కాలికమైన పని, ఆ ఏడాదే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో స్థానం లభించాయి. ఇద్దరి ప్రతిభలోనూ కొరత లేదు. వచ్చినవేళ తలుపు తెరిచి ఉన్నదా లేదా అన్నదే తేడా.

నేటి పథకాలను రెండు తెగలుగా చూడవచ్చును. రామలింగస్వామి, రామానుజన్ ఫెలోషిప్పులు ఐదేళ్లపాటు ఇక్కడే ఉండి పనిచేసేవారికి ఉద్దేశించినవి. నెలవారీ వేతనంతోపాటు పరిశోధనా వ్యయానికి వేరుగా నిధులు ఇస్తాయి. 2017లో వచ్చిన వజ్ర, 2023లో వచ్చిన వైభవ్ పథకాలు విదేశీ ఉద్యోగాన్ని వదులుకోకుండానే ఏడాదిలో ఒకటి, రెండు నెలలు, వజ్రలోనైతే మూడు నెలలవరకు, ఇక్కడి సంస్థలతో కలిసి పనిచేయడానికి వీలిస్తాయి. రెండవ తెగ పథకాలు గణితానికో, కంప్యూటర్ శాస్త్రానికో చక్కగా సరిపోవచ్చు. వరి నాటు నుండి కోతవరకు నాలుగైదు నెలలు పట్టే శాస్త్రంలో రెండు నెలల సందర్శన శిక్షణకు ఉపకరిస్తుందే తప్ప క్షేత్ర ప్రయోగానికి చాలదు.

మరి ఐదేళ్లు చాలునా? లెక్క వేసి చూద్దాం. వరిలో సంకరణం జరిపిన పిదప స్థిరమైన సంతతి రావడానికి ఆరేడు తరాలు పడుతుంది. ఏడాదికి రెండు పంటలు తీసినా మూడేళ్లకు పైమాటే. ఆపై పరిశోధనా స్థానంలో దిగుబడి పరీక్షలు, 1965లో మొదలైన అఖిల భారత సమన్వయ వరి పథకం కింద అనేక ప్రదేశాలలో పరీక్షలు, రైతుల పొలాలలో చిరుసంచుల దశ. ఇవన్నీ ఉన్నవి. మొదటి ఏడాది ఎలాగూ ప్రయోగశాల అమరికకు, పరికరాల కొనుగోలుకు, నెట్‌హౌస్ నిర్మాణానికి పోతుంది. విదేశంలో తాను రూపొందించిన విత్తన సామగ్రిని సంచిలో వేసుకొని రావడానికి వీలులేదు. జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ నుండి దిగుమతి అనుమతి పొందాలి. క్వారంటైన్ పరీక్ష ముగిశాకనే గింజ చేతికి వస్తుంది. ఈ నిబంధన సరైనదే. కాని దరఖాస్తునాడే అనుమతి పత్రాలు సిద్ధం చేసుకోనివారు ఒక పంటకాలం పోగొట్టుకుంటారు. మామిడి, కొబ్బరి వంటి తోటపంటలను ఎంచుకున్నవారికైతే ఐదేళ్లు మొక్క ఎదగడానికే సరిపోవు.

కనుక కొత్త రకం విడుదల చేస్తానని ప్రతిపాదనలో వ్రాయడం తగదు. జన్యువుల గుర్తింపు, మార్కర్ల రూపకల్పన, తెగులు నిరోధక మూలాల అన్వేషణ వంటి పనులు ఐదేళ్లలో ముగియగలవు. ఆ ఫలితాన్ని అందుకొని ముందుకు నడిపే ప్రజననకారుడు అదే సంస్థలో శాశ్వతంగా ఉండాలి. 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబా మసూరి ఇందుకు మంచి నిదర్శనం. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రం, వరి పరిశోధనా డైరెక్టరేటు కలిసి, బాపట్లలో పుట్టిన బి.పి.టి. 5204లోనికి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చాయి. ప్రయోగశాల ఒకటి, పొలం ఎరిగిన సంస్థ మరొకటి. 2025లో ప్రకటించిన జన్యు సవరణ వరి రకాలు రెండింటిలో ఒకదానికి అదే సాంబా మసూరి, మరొకదానికి మారుటేరులో పుట్టిన ఎం.టి.యు. 1010 ఆధారం. సవరణ విద్య విదేశంలో పుట్టినదైనా, దానిని ప్రయోగించదగిన రకం ఏదో తెలియడం ఇక్కడి అనుభవం.

అసలు చిక్కు ఆరవ ఏట వస్తుంది. ఫెలోషిప్ కేంద్ర ప్రభుత్వానిది; ఉద్యోగం ఆతిథ్య సంస్థది. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పోస్టు ఖాళీగా ఉండాలి, భర్తీకి అనుమతి రావాలి, ప్రకటన వెలువడాలి. ఈ మూడూ ఫెలో గడువు ముగిసే నెలకు కలిసిరావడం అరుదు. ఖొరానా ఎదుర్కొన్న తలుపు ఐదేళ్లు ఆలస్యంగా ఎదురవుతుందన్నమాట. విశ్వవిద్యాలయాలు నాల్గవ ఏడాదిలోనే ఫెలో పనిని మదింపు చేసి, రాబోయే ఖాళీలలో ఆ విభాగపు అవసరాన్ని ముందుగా సూచించగలిగితే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది. ఇందుకు కొత్త నిధులేమీ అక్కరలేదు.

దరఖాస్తు చేయదలచిన మన పూర్వ విద్యార్థులు ఆతిథ్య సంస్థను ఎంచుకునే ముందు వేతనంకంటే ముఖ్యంగా అడగవలసినవి కొన్ని ఉన్నవి. సాగునీటి వసతిగల ప్రయోగ క్షేత్రం ఎంత కేటాయిస్తారు, క్షేత్ర సహాయకుల కూలీ ఏ పద్దునుండి చెల్లిస్తారు, కలిసి పనిచేసే ప్రజననకారుడు ఎవరు? చేరే నెలను కూడా ఆలోచించుకోవాలి. మే నెలలో చేరినవారికి నారుమడి పోయడానికి వ్యవధి ఉంటుంది. సెప్టెంబరులో చేరినవారికి ఆ ఖరీఫ్ దక్కదు.